దూకే ముందు అనాల్సిన మాట

మా వాడకట్టులో ఆడవాళ్లు నన్ను ‘వదినె’ అని పిలుస్తారు. నాకు మీసం ఉంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

కోరుట్లలో మా వాడకట్టంతా గల్ఫ్ ఇళ్లే. మొగవాళ్లు దుబాయిలోనో, కువైట్‌లోనో ఉంటారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఇక్కడ ఆడవాళ్లు శుక్రవారం గడపల మీద ఫోన్లు పట్టుకుని కూచుంటారు. మా ఇంట్లో మాత్రం లెక్క తిరగబడింది. దుబాయిలో నేను పనిచేసిన కంపెనీ మూతపడి నేను ఇంటికొస్తే, నా భార్య ఇంటిపని వీసా మీద మస్కట్ పోయింది. అందుకని శుక్రవారం గడప మీద ఫోను పట్టుకుని కూచునేవాళ్లలో ఒక మీసం చేరింది.

“ఏం వదినె, మా అన్న ఫోన్ చేసిండా?” అని ఎదురింటామె అరిచేది. ‘అన్న’ అంటే నా భార్య.

“చేసిండు. నిన్ను నాకు జెర కూర పంపుమన్నడు,” అనేవాణ్ని.

నవ్వేవాళ్లు. కూర కూడా పంపేవాళ్లు. గిన్నె కడిగి తిరిగిచ్చేటప్పుడు ఇంట్లోంచి ఏమైనా వేసి ఇవ్వాలి, ఖాళీ గిన్నె ఇవ్వకూడదు. నా దగ్గర వేయడానికి ఏముంటుంది? పిడికెడు చక్కెర పోసి ఇచ్చేవాణ్ని. మా వాడకట్టులో ఎవరికైనా షుగర్ వచ్చిందంటే కొంత పుణ్యం నాది.

చదువు సంగతి కూడా చెప్పేస్తాను. ఏడో తరగతిలో లెక్కల సారు బోర్డు వైపు తిరిగి రాస్తుంటే నేను కిటికీలోంచి బయటికి దూకాను. మళ్లీ లోపలికి పోలేదు. ఆ కిటికీకి ఊచలు లేకపోవడం వల్ల దేశానికి ఒక ఇంజినీరు తగ్గి ఒక దూకేవాడు పెరిగాడు. ఎంత పెద్దవాళ్ల కోసం దూకాల్సి వస్తుందో అప్పుడు నాకేం తెలుసు?

ఆమె మస్కట్ పోయిన రోజు కోరుట్ల బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కింది. కిటికీ పక్కన కూచుని కొంగుతో మూతి మూసుకుంది. నాకు ఏడుపొచ్చినప్పుడే జోకులు ఎక్కువ వస్తాయి.

“అచ్చేటప్పుడు సముద్రం తేవే, ఒక సీసాల,” అన్నాను.

“గిన్నెలు తోముకో ముందు. సముద్రం నీకెందుకయ్యా,” అంది. బస్సు కదిలాక, “పోయస్త,” అంది.

మా వైపు గడప దాటేవాళ్లెవరూ ‘పోతున్న’ అనరు. అది చావుకు దాచిపెట్టిన మాట. పొరపాటున నోరు జారితే ఇంట్లో పెద్దవాళ్లు వెనక్కి పిలిచి, కూచోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ సరిగ్గా చెప్పించి పంపుతారు. కూరగాయలకు పోయినా మస్కట్ పోయినా ‘పోయస్త’ అనాల్సిందే. పోయి, వస్తాను అని. ఫోను పెట్టేసేటప్పుడు మాత్రం ‘ఉంట మరి’ అంటారు. పోయేవాళ్లు వస్తామంటారు, పెట్టేసేవాళ్లు ఉంటామంటారు. మా మాటల్ని నమ్ముకున్నవాడి బతుకు ఇట్లాగే ఉంటుంది.

ఆమె పోయాక కొన్నాళ్లు గడప మీద కూచుని చూసి, నేను ఇంటికి తాళం వేసి సిరిసిల్లలో పనికి చేరాను. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచ నడిపితే పక్కనున్న మనిషి మాట వినపడదు. పక్కన మనిషి లేనివాడికి అది మంచి పనే. కానీ బట్టకు గిరాకీ ఉన్నన్నాళ్లే సాంచలు ఆడతాయి. ఆగినప్పుడు ఊరంతా చెవుడొచ్చినట్టు నిశ్శబ్దమైపోతుంది. నేను అద్దె గదిలో పచ్చిపులుసు కలుపుకుని, దానికి నా జోకులు చెప్పుకుంటూ తినేవాణ్ని. పచ్చిపులుసు నవ్వదు.

ఒక శుక్రవారం ఆమె సూటిగా చెప్పింది.

“ఈసారి వానలు పోయినంక నా వీసా ఒడుస్తది. మేడం మల్ల రాయించుకొమ్మంటది. నువ్వు బందు లేని పని ఒక్కటి చూసుకో. గప్పుడు నేను రాయించుకోకుంట అచ్చేస్త.”

“బందు లేని పని అంటే ఊపిరి పీల్చుడొక్కటేనే.”

“గదే వద్దన్న. మాట మాటకు నవ్వులాట. నేను నిజం చెప్తున్న.”

నిజమే చెప్పింది. అప్పటినుంచి నాకున్న పని ఒక్కటే, బందు లేని పని వెతకడం.

దొరికిన చోటు ఒక టార్పాలిన్ల షెడ్డు. సిరిసిల్ల బయట, మూతపడ్డ ఒక మిల్లు ఆవరణలో ఉండేది. వడ్లు తడవకుండా కప్పే టార్పాలిన్లు అక్కడ కుడతారు. షెడ్డు నడిపే ఆమెను అందరూ అక్క అంటారు. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. ఎవరైనా పని చెడగొడితే మిషను ఆపకుండానే తిట్టగలదు. కోతలప్పుడు తప్ప టార్పాలిన్లకు గిరాకీ ఉండదు కాబట్టి ఆమె కూడా నాలాగే బందు లేని పని వెతుకుతూ ఉండేది. ఆ వెతుకులాటలో ఆమెకు దొరికింది రాకెట్టు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉంది. ఎత్తైన భవనాల్లో మంటలు లేస్తే మనుషులు దిగడానికి బట్ట గొట్టాలు చేస్తుంది. వాళ్లకు సముద్రం ఒడ్డునున్న రాకెట్ల కేంద్రం నుంచి ఒక పని వచ్చింది. కుట్టడానికి సిరిసిల్ల అక్క దగ్గరికి ఒక ఇంజినీరును పంపారు. సన్నటి అబ్బాయి, నెల్లూరు వైపువాడు. ప్రతి మాటకూ చివర ‘అండీ’ తగిలిస్తాడు.

“దీన్ని ఎస్కేప్ షూట్ అంటారండీ,” అన్నాడు మొదటి రోజు.

అక్క మిషను ఆపింది. “షూట్ అంటే తుపాకితోని కాల్చుడు గాదా సారూ? తప్పిచ్చుకునేటోన్ని మల్ల కాల్చుడెందుకు?”

ఇంజినీరు ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను. రాకెట్టు అంటే నిలబెట్టిన మందుగుండు. దాని నెత్తిన ఒక పెట్టె ఉంటుంది, అందులో మనుషులు కూచుంటారు. ఎగిరేటప్పుడు ఏదైనా చెడితే, ఆ పెట్టె నెత్తిన ఉండే ఇంకో చిన్న రాకెట్టు పెట్టెను పీకి పక్కకు లాక్కుపోతుంది. తర్వాత గొడుగులు విచ్చుకుని పెట్టె సముద్రంలో దిగుతుంది. ఆ పరీక్షను మనుషులు లేకుండా ఖాళీ పెట్టెతో చేశారు. దాని వీడియో మాకు ఫోనులో చూపించాడు. పెట్టె పైకి పోవడం, ఊడిరావడం, గొడుగుల కింద మెల్లగా ఊగడం చూసి అక్క, “మంచిగ దిగింది పాపం,” అంది, లోపల ఎవరో ఉన్నట్టు.

అది ఎగిరాక సంగతి. ఎగరకముందే, పెట్టె తలుపు ఇంకా మూయకముందే, కింద మంట లేస్తే? రాకెట్టు పక్కన ఒక ఇనుప గోపురం ఉంటుంది. ఎక్కేవాళ్లు, వాళ్లను కూచోబెట్టేవాళ్లు అందరూ దాని పైన ఉంటారు. లిఫ్టును నమ్మలేరు, మెట్లు దిగేంత టైము ఉండదు. అప్పుడు ఈ గొట్టం. పైన దూకితే కింద తేలాలి. బయట మంటకు కాలని బట్ట, మధ్యలో మనిషిని కౌగిలించుకున్నట్టు పట్టే సాగే బట్ట, లోపల జారే బట్ట. మోచేతులు బయటికి చాపితే నెమ్మదిస్తుంది, చేతులు నెత్తి మీదికి ఎత్తితే సర్రున దిగిపోతారు.

“గంతేనా? అంగి చెయ్యిలెక్క కుట్టాలె,” అంది అక్క. ఆ రోజు నుంచి షెడ్డులో దాని పేరు ‘చెయ్యి’. ఎవడో రాక్షసుడికి చొక్కా కుడుతూ ఒక చెయ్యి పూర్తి చేసి వదిలేసినట్టుగా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా పడుకుని ఉండేది.

మిల్లు ఆవరణలో పాత నీళ్ల ట్యాంకు ఉంది, ఐదంతస్తుల ఎత్తు. దాని పైనుంచి చెయ్యిని వేలాడదీశాం. కింద మూతిని ఇద్దరు పట్టుకుని ఏటవాలుగా గుంజి ఉంచాలి, అప్పుడు మనిషి పరుపు మీదికి మెల్లగా జారి వస్తాడు. మొదట ఇసుక బస్తాలు వేశాం. బస్తాలు బుద్ధిగా దిగాయి. కానీ బస్తాకు మోచేతులు లేవు, దిగాక ఎట్లా ఉందో చెప్పదు. ఇప్పుడు మనిషి కావాలి.

అందరూ నా వైపు చూశారు. నేను దుబాయిలో ఎత్తు భవనాలకు స్కాఫోల్డింగ్ కట్టినవాణ్ని, ఎత్తంటే భయం లేదు. అంతకుముందు కిటికీ అనుభవం కూడా ఉంది.

“నేనే దుంకుత. ఇసుక బస్తాకు ప్రమోషన్ వస్తే నేనే అయిత,” అన్నాను.

నాకు లోపల ఇంకో లెక్క ఉంది. ఈ నమూనా పరీక్షలో నెగ్గితే పని అక్కకు వస్తుంది. “నెగ్గనీ, నిన్ను ఈడనే పర్మినెంట్ చేస్త,” అని అక్క మాటిచ్చింది. రాకెట్ల పని అంటే బందు లేని పని, ఆకాశం ఎప్పుడైనా మూతపడుతుందా అనుకున్నాను.

మాట దగ్గర చిక్కు వచ్చింది. దూకే ముందు పైవాడు గట్టిగా ఒక మాట అరవాలి. అది విని కిందవాళ్లు మూతిని బిగించి పట్టుకోవాలి. “జంప్ అని అరవండి,” అన్నాడు ఇంజినీరు.

“సారూ, మాతాన జంప్ అయ్యిండంటే పోలీసులు దేవులాడేటోడు. దుబాయిల కంపెనీ ఇడిసి ఉరికినోడు. వద్దు.”

“సరే, వెళ్తున్నా అనండి.”

అక్క రెండు చేతులూ అడ్డం పెట్టింది. “ఓ సారూ! గా మాట అననియ్యకు నీ పుణ్యముంటది. ఎత్తు మీద నిలవడి పోతున్ననంటరా ఎవలన్న?”

“మరి ఏమంటారండీ?”

“పోయస్త అంటడు.”

అట్లా ఖాయమైంది. నేను పైనుంచి “పోయస్తా!” అని అరిచేవాణ్ని. కిందనుంచి అక్క “రా బిడ్డా!” అనేది. మా వైపు బిడ్డంటే కూతురు. మీసమున్న బిడ్డ చీకటి గొట్టంలో పడి, మోచేతులు చాపి, బట్ట వాసన పీల్చుకుంటూ అక్క కాళ్ల దగ్గర తేలేది. గొట్టం లోపల ఒంటినంతా ఒకేసారి బట్ట పట్టుకుంటుంది. నన్ను అట్లా పట్టుకున్నవాళ్లు లేక చాలా రోజులైంది. ఒకసారి మరీ నెమ్మదిగా దిగుతుంటే కిందనుంచి అక్క, “అండ్లనే పండుకున్నవారా?” అని గొట్టాన్ని తన్నింది.

ట్యాంకు పైన సిగ్నల్ బాగా దొరికేది. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, దూకే పనికి ముందే పైకెక్కి ఆమెకు వీడియో కాల్ చేసేవాణ్ని. సిరిసిల్ల రేకుల కప్పులు, దూరంగా మానేరు వాగు ఇసుక చూపించేవాణ్ని. ఆమె తన వంటగది చూపించేది. తెల్లటి రాయి, వెండిలా మెరిసే గిన్నెలు, కిటికీలో ఎండ. మనిషి ముఖం కంటే వంటగదే ఎక్కువ కనపడేది.

“గంత ఎత్తుల ఏంజేస్తున్నవయ్యా?”

“గీ దాంట్లకెల్లి దుంకుతున్న,” అని గొట్టం నోరు చూపించాను.

“ఏందది, బాయి లెక్కున్నది?”

“రాకెట్టు అంగి చెయ్యి.”

ఆమె నమ్మలేదు. ఇరవై జోకుల మధ్య ఒక నిజం చెబితే ఎవరు నమ్ముతారు? ఇంజినీరును పిలిచి ఫోనులో మాట్లాడించాను. “నిజమేనండీ, మీ ఆయన మాకు చాలా హెల్ప్ చేస్తున్నారండీ,” అన్నాడు. ఆ ‘అండీ’లకు ఆమె నమ్మింది. తర్వాత శుక్రవారం ఫోనులో ఇంకో ఇద్దరు మా వైపు ఆడవాళ్లను చూపించి, “మా ఆయన రాకెట్ కంపెనీల చేస్తడు,” అని గొప్పగా చెప్పింది. వాళ్లు నన్ను తేరిపార చూశారు. లుంగీ మీదున్నాను. రాకెట్ కంపెనీలో శుక్రవారం లుంగీ కడతారని చెప్పాను.

వాళ్లు పక్కకు పోయాక ఆమె గొంతు తగ్గించింది. “నిజంగ పర్మినెంట్ అయితదా?”

“పరీక్షల నెగ్గితే అయితది.”

“మేడం రోజు అడుగుతున్నది. నేను ఏ సంగతీ చెప్తలేను. నీ పరీక్ష దాక ఆపుత. ఉంట మరి.”

బడిలో ఒక్క పరీక్ష కూడా సరిగా రాయనివాణ్ని నేను. నన్ను నమ్మి ఇంకొకరు ఎదురుచూసిన మొదటి పరీక్ష ఇది.

ఆదివారాలు కోరుట్ల పోయి ఇంటి తాళం తీసి ఊడ్చేవాణ్ని. ఒక్కోసారి జగిత్యాలలో బస్సు మారాల్సి వచ్చేది. ఆమెను పంపిన ఏజెంటు ఆఫీసు అక్కడ బస్టాండుకు దగ్గర్లోనే, మేడ మీద. బోర్డు మీద విమానం బొమ్మ ఉంటుంది. దాన్ని చూడకుండా టీ తాగడం నేర్చుకున్నాను. ఆ టీ కొట్టాయనకు నేను ఎవరో తెలియదు, కానీ ప్రతిసారీ “ఎటు?” అని అడుగుతాడు. “ఇంటికి,” అంటాను. “ఇంటి దగ్గర అందరు మంచిగున్నరా?” “అందరు మంచిగున్నరు,” అంటాను. అబద్ధమేం కాదు. ఇంటి దగ్గర అందరూ అంటే ఒక బీరువా, ఒక మంచం, దండెం మీద ఆమె మరిచిపోయిన ఒక తువాలు. దాన్ని నేను తీయలేదు. ఎండి ఎండి గట్టిపడింది. పోయిన ఆదివారం ఎట్లా ఉందో ఈ ఆదివారమూ అట్లాగే ఉండేది, మంచిగా.

పరీక్ష రోజు హైదరాబాద్ నుంచి రెండు కార్లు వచ్చాయి. పెద్ద ఆఫీసరు తెల్లచొక్కా, తెల్లజుట్టు మనిషి, హిందీలో మాట్లాడాడు. తమ మనుషులు ఇద్దర్ని తెచ్చుకున్నారు, విజయవాడ వైపు వాళ్లు. గొట్టం మూతి వాళ్లే పట్టుకోవాలట. కుట్టినవాళ్లు కింద చెయ్యి పెట్టకూడదన్నది నియమం. అలవాటైనవాణ్నని దూకడానికి మాత్రం నన్నే ఉంచారు.

“పిల్లను కన్నోళ్లు పెండ్లి కాడ ఉండద్దన్నట్టున్నది,” అని అక్క గొణుగుతూ దూరంగా స్టూలేసుకుని కూచుంది. కాని కాళ్లు నేల మీద ఆడుతూనే ఉన్నాయి, మిషను తొక్కుతున్నట్టు.

ఇంజినీరు నాతోపాటు పైకి వచ్చాడు. నెత్తికి టోపీ పెట్టి నడుముకు బెల్టు బిగించాడు. ఆఫీసరు కిందనుంచి చెయ్యెత్తాడు. నేను ఎప్పటిలాగే గట్టిగా అరిచాను.

“పోయస్తా!”

దూకాను.

కింద ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మా మాట ఏమిటో విజయవాడ తమ్ముళ్లకు ఎవరూ చెప్పలేదు, కానీ ఇద్దరూ దాన్ని స్పష్టంగా విన్నారు. విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ఎక్కడికో పోయొస్తాడంట,” అన్నాడు ఒకడు. “బాత్రూముకేమో, రానీ,” అన్నాడు ఇంకోడు. మూతి వదిలేసి పరుపు సర్దుకోవడానికి వంగారు. ఇదంతా అర్థమయ్యేసరికి అక్క, “పట్టుండ్రిరా! దుంకిండు!” అని స్టూలు మీంచి లేచింది. అప్పటికే నేను ముక్కాలు దారి దిగిపోయాను. వదులైన గొట్టం నిట్టనిలువుగా వేలాడింది. మోచేతులు చాపాను, ఒక మోచెయ్యి చర్మం బట్టకు అంటుకుని కాలింది. తుంటి మీద పడ్డాను, సగం పరుపు మీద, సగం మిల్లు సిమెంటు మీద.

కళ్లు తెరిచేసరికి నా చుట్టూ ముఖాలు. అక్క విజయవాడ తమ్ముళ్లను తిడుతోంది, వాళ్లకు ఆ తిట్లలో సగమే అర్థమవుతున్నాయి. “పోయస్త అంటే పోయినట్టేరా! మీ ఊళ్లె పోయెటోళ్లు ఏమంటర్రా?”

“వెళ్లొస్తా అంటామండీ,” అన్నాడొకడు బెదిరిపోయి.

“మరి గదే గదా!”

“గుమ్మం దగ్గర అంటామండీ. టవరు మీద నిలబడి ఎవరంటారండీ?”

ఆఫీసరు విషయమేమిటని అడిగాడు. ఇంజినీరు ఆ మాట అర్థం హిందీలో చెప్పాడు. పెద్దాయన కోప్పడలేదు. నా పక్కన మోకాళ్ల మీద కూచుని, మోచెయ్యి చూసి, హిందీలో అడిగాడు. దుబాయి పుణ్యమా అని నాకు హిందీ వచ్చు.

“మంటల్లోంచి తప్పించుకుని పోతున్నావు. మళ్లీ తిరిగి ఎందుకు వస్తావు?”

నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుంది. దీనికి లేదు. కోరుట్ల బస్టాండు గుర్తొచ్చింది. తప్పించుకుపోయేవాళ్లు ఎవరైనా సరే, వెనక నిలబడ్డవాడి కోసమే కదా ఆ మాటకు ‘వస్త’ అని తోక తగిలిస్తారు అనిపించింది. అది హిందీలో ఎట్లా చెప్పాలో తెలియక, “గలతీ హోగయా సాబ్,” అన్నాను.

మధ్యాహ్నం మళ్లీ చేద్దామన్నాడు. బట్ట ఎక్కడా చినగలేదు, తప్పు మాటది. మాట మార్చండి, ఎవరికైనా ఒకే రకంగా అర్థమయ్యే మాట కావాలి. ఇంకొకర్ని దూకించండి అని కూడా అన్నాడు. నేనే వద్దన్నాను. తుంటి సలుపుతోంది, నిజమే. కానీ నా పరీక్ష ఇంకొకడు రాయడమేమిటి?

అక్క నన్ను పక్కకు పిలిచింది. మోచేతికి వెన్న రాస్తూ, “జంప్ అనరా. పోలీసులు అస్తే నేను చూసుకుంట,” అంది. ఇంజినీరును అడిగితే తలూపాడు కానీ, నేను పడ్డాక ఆఫీసరు కాగితంలో ఇంగ్లీషు మాట వద్దని రాసుకున్నాడట. భయంలో మనిషికి సొంత మాటే నోటికొస్తుందని. మా ‘దుంకుత’ విజయవాడ తమ్ముళ్లకు అర్థం కాదు. ఇక మిగిలింది ఒక్కటే మాట.

ట్యాంకు మెట్లు ఎక్కుతుంటే ప్రతి మెట్టుకూ తుంటి పలికింది. పైన గాలి. కింద అక్క అటు తిరిగి గోడకు ముఖం పెట్టి నిలబడింది, వినకుండా చెవులు మూసుకుని. నేను గొట్టం నోట్లో కాళ్లు పెట్టి కూచున్నాను. మా ఇంట్లో బతికున్న మనిషి నోట ఆ మాట నేను వినలేదు. వీసా మాట, మేడం మాట, వానలు పోయాక ఆమె వస్తానన్న మాట, అన్నీ ఈ ఒక్క మాట కింద పెట్టినట్టుంది. అననంటే పని పోతుంది. అంటే ఏం పోతుందో తెలియదు.

“పోతున్నా!” అని అరిచాను.

విజయవాడ తమ్ముళ్లు మూతిని ఎద్దుకొమ్ములు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. పరుపు మీదికి మెత్తగా జారి వచ్చాను. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. అక్క పరుగున వచ్చి నా నెత్తి చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. “నీళ్లు తాగు ముందు,” అంది. తాగాను. “ఇప్పుడు మంచిగ అను.” అంతమంది ముందు పరుపు మీద కూచుని, ఎక్కడికీ పోకుండానే, “పోయస్త,” అన్నాను.

నెగ్గామని ఆ శుక్రవారం ఆమెకు చెప్పాను. మోచెయ్యి కెమెరాకు కనపడకుండా పట్టుకున్నాను. ఆమె, “దండెం మీద నా తువాలున్నదా, తీసినవా?” అని అడిగింది. ఇంట్లో దేని గురించైనా ఆమె అడగడం అదే మొదటిసారి. “ఉన్నది,” అన్నాను. “ఉతికి పెట్టు మరి,” అంది. మేడంకు అప్పుడే చెప్పొద్దని, ఆర్డరు చేతికి రానివ్వమని నేనే అన్నాను. ఆ ఆదివారం కోరుట్ల పోయి తువాలు ఉతికాను. ఎదురింటామె చూసి, “ఏం వదినె, మా అన్న అస్తుండా?” అంది. “అస్తుండు,” అన్నాను. నేను అడగకుండానే ఆమె కూర పంపింది.

ఆర్డరు వచ్చింది. ఇంజినీరు స్వయంగా తెచ్చాడు. అక్క కళ్లద్దాలు పెట్టుకుని, “ఎన్ని?” అంది.

“ఒకటండీ. స్పేర్‌లో ఇంకోటి.”

“మొదటి విడతనా?”

“అంతేనండీ. మనుషులెక్కే గోపురం మనకు ఒక్కటే కదండీ.”

షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. దేశమంత పెద్ద దేశానికి మనుషులెక్కే గోపురం ఒక్కటే ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఊరికి ఒక బస్టాండులాగా, అక్కడక్కడా ఉంటాయనుకున్నాం.

“ఇంకో రెండు కట్టుకుంటె ఏంబోతది వీళ్లకు?” అని అక్క ఆర్డరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. “చిరుగదా అది? ఏడాదికొకటన్న చిరుగదా?”

“చిరగకుండానే కదండీ మీరు కుట్టింది,” అన్నాడు ఇంజినీరు.

రెండు గొట్టాలూ కుట్టి పంపాం. ఇంజినీరు వాటితోపాటే వెళ్లిపోయాడు. అక్క పర్మినెంట్ మాట ఎత్తలేదు. నా పక్కన కూచుని టార్పాలిన్ అంచు మడతపెడుతూ, “కోతలు షురూ అయితే పిలుస్త బిడ్డా,” అని మాత్రం అంది. ఆమెనేమంటాను? ఆకాశం మూతపడలేదు. దానికి కావాల్సిన చొక్కా కుట్టడం అయిపోయింది, అంతే.

పాత నమూనా మాత్రం ట్యాంకుకు అట్లాగే వేలాడుతోంది. దాన్ని విప్పమని అక్క ఒక శుక్రవారం నన్ను పంపింది. పైకెక్కాను. ముడులు విప్పే ముందు ఆమెకు ఫోను చేశాను. ఒక జోకుతో మొదలుపెట్టి మెల్లగా చెబుదామనుకున్నాను.

“దేశంల గోపురం ఒక్కటేనంటనే,” అన్నాను. అది జోకు కాలేదు.

“ఒక్కటేనా?”

“ఒక్కటే.”

అవతల ఏదో కుళాయి కట్టేసిన చప్పుడు. “నాకు ఎర్కనే,” అంది.

“ఎట్లెర్క?”

“పోయిన శుక్రారం నువ్వు ఒక్క జోకన్న ఎయ్యలే. గప్పుడే ఎర్కైంది. మొన్న మేడం అడిగితె ఇంకో రెండేండ్లు రాయించుకుంటనన్న.”

నేను ట్యాంకు అంచు మీద కూచున్నాను. కింద సాంచల చప్పుడు సన్నగా వినపడుతోంది, ఎక్కడో వాన పడుతున్నట్టు.

“తువాలు ఉతికి పెట్టిన,” అన్నాను.

“మడతపెట్టి బీరువల పెట్టు. దుమ్ము పడ్తది.”

“మంచిదే తియ్యి. సముద్రం సీసాల పడుతలేదేమో, ఇంకో రెండేండ్లయితె పడ్తది.”

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆమె వాళ్ల భాషలో ఏదో జవాబిచ్చి, నాతో గబగబా, “పిలుస్తున్నరు. అన్నం తిను టైముకు. ఉంట మరి,” అంది.

ఇన్నాళ్లుగా ఫోను పెట్టేసేటప్పుడు ఆమె అన్న మాటే అది. ఈసారి ఆ మాట ఉన్నదున్నట్టు వినపడింది.

“ఉండు,” అన్నాను.

ఫోను జేబులో పెట్టుకుని ముడులు విప్పాను. చెయ్యి పైనుంచి జారి, గాలికి ఒకసారి ఉబ్బి, లోపల ఎవరో ఉన్నట్టు ఊగి, కింద కుప్పగా పడింది. అప్పుడు గుర్తొచ్చింది, దూకడం మొదలుపెట్టినప్పటినుంచి ఈ ట్యాంకును నేను ఎక్కడమే తప్ప మెట్ల మీదుగా దిగింది లేదని. కింద పరుపు లేదు, మూతి పట్టుకునేవాళ్లు లేరు. ఏ మాటా అనాల్సిన పని లేదు. తుంటి పట్టుకుని ఒక్కో మెట్టే దిగాను.